మళ్లీ మొదలుపెట్టడం అంటే సున్నా నుంచి కాదు



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి మార్కులు చూపించడం పూర్తయ్యాక కూడా వాళ్లమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. వెనక క్యూలో ఇంకా ముగ్గురు ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించి అడిగారు: "మేడమ్, ఇది పాప సంగతి కాదు. మా పెద్దబ్బాయి బీటెక్ ఫస్టియర్ అయ్యింది. ఇంక చదవనంటున్నాడు, వేరే ఏదైనా మొదలుపెడతానంటున్నాడు. మానిపించమంటారా, ఉండమంటారా?"

ఆ పూట నేను చెప్పగలిగింది ఒక్కటే. "తొందరపడి ఏ మాటా ఇవ్వకండమ్మా, ఇద్దరం మళ్లీ మాట్లాడుకుందాం" అన్నాను. ఆ తర్వాత ఆలోచిస్తే ఇది ఆవిడ ఒక్కరి ప్రశ్న కాదనిపించింది. ఇంటర్‌లో గ్రూపు మారతానన్న పిల్లలు, లాంగ్ టర్మ్ కోచింగ్ మధ్యలో ఉన్నవాళ్లు, ఉద్యోగం చేస్తూ "ఇది నాది కాదు" అనుకుంటున్న అన్నలు, అక్కలు మన స్కూల్ కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మనకు.

మా ఇంటి సంగతి

ముందు నా సంగతి చెప్పాలి. నేను బీటెక్ చేశాను. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లు పనిచేశాను. జీతం బాగానే ఉండేది. కానీ వారమంతా ఆదివారం కోసం ఎదురుచూడడం, ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపులో తిప్పడం, ఇదే జీవితమా అనిపించేది. ఒక పండక్కి ఇంటికొచ్చినప్పుడు "ఉద్యోగం మానేసి బీఈడీ చేస్తాను నాన్నా" అన్నాను.

నాన్న పోర్టులో పనిచేసేవారు. నా చదువు కోసం తెచ్చిన అప్పు అప్పటికి ఏడాది కిందటే తీరింది. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఒకే మాట అన్నారు: "ఏటమ్మా, అయితే ఆ నాలుగేళ్లూ గోడకేసిన సున్నమేనా?"

నా దగ్గర జవాబు లేదు. కోపంతో రాజీనామా ఇచ్చేశాను. అక్కడే తప్పు చేశాను. ఎడ్‌సెట్ ఎప్పుడో, అడ్మిషన్లు ఎప్పుడో చూసుకోలేదు. ఆగస్టులో మానేస్తే పరీక్ష మరుసటి సంవత్సరం. ఆ మధ్య నెలలన్నీ ఇంట్లో ఖాళీగా, నాన్న ముఖం చూడలేక గడిచాయి. తర్వాత రెండేళ్లు బీఈడీ, జీతం లేదు. ఇప్పుడొచ్చే జీతం ఆనాటి జీతంకన్నా తక్కువే. ఇవన్నీ దాచిపెట్టి "మనసుకు నచ్చింది చెయ్యండి" అని మీకు సలహా ఇస్తే అది మోసమవుతుంది.

అయినా నాన్న ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది. దాన్నే నాలుగు మెట్లుగా మీ ముందు పెడుతున్నాను.

మొదటి మెట్టు: పోయింది వేరు, ముందున్నది వేరు

గోడకేసిన సున్నం తిరిగి రాదు. నిజమే. అందుకే నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ సున్నాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఒక ఉదాహరణ. అబ్బాయి నాలుగేళ్ల కోర్సులో ఏడాది చదివాడు. కట్టిన ఫీజు లక్ష రూపాయలు అనుకుందాం. అతను మానేసినా ఆ లక్ష రాదు, కొనసాగినా రాదు. రెండు దారుల్లోనూ పోయేదే కాబట్టి అది ఏ దారి మంచిదో చెప్పలేదు. చెప్పగలిగేవి ముందున్నవి: ఇంకా కట్టాల్సిన మూడేళ్ల ఫీజు, ఇంకా గడపాల్సిన మూడేళ్ల వయసు, ఆ చివర దొరికేది. కొత్త దారికీ అదే లెక్క వెయ్యాలి. అప్పుడు ఆ రెండింటినీ పోల్చాలి.

మనం సాధారణంగా దీనికి తలకిందులుగా ఆలోచిస్తాం. "ఇంత పెట్టాం, ఇప్పుడు ఎలా వదిలేస్తాం?" అంటాం. పెట్టింది వృథా కాకూడదని ఇంకొంత పెడతాం. ఆర్థికశాస్త్రంలో దీన్ని మునిగిన ఖర్చు అంటారు. మన పెద్దవాళ్లు ఆ పుస్తకాలు చదవకుండానే గోడకేసిన సున్నం అన్నారు.

అయితే ఈ లెక్క ప్రతిసారీ "మానెయ్యి" అనే చెప్పదు. మూడేళ్లు అయిపోయి ఒక్క ఏడాదే మిగిలితే, ఆ ఒక్క ఏడాదితో చేతికి డిగ్రీ వస్తుంది. డిగ్రీ ఉంటే తెరుచుకునే తలుపులు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు పూర్తిచేసి మారడమే లాభం. మొదటి ఏడాది చివర వచ్చే జవాబు, మూడో ఏడాది చివర వచ్చే జవాబు ఒకటి కాకపోవచ్చు.

రెండో మెట్టు: దేని నుంచి? దేని వైపు?

"ఇది నాకొద్దు" అనే మాట వెనక చాలా కారణాలు ఉంటాయి. సబ్జెక్టు నచ్చకపోవచ్చు. సబ్జెక్టు నచ్చినా కాలేజీ నచ్చకపోవచ్చు. హాస్టల్ తిండి, నిద్రలేమి, గదిలో గొడవ, ఒక బ్యాక్‌లాగ్ వల్ల కలిగిన సిగ్గు, ఇంగ్లిష్‌లో క్లాసు అర్థం కాకపోవడం కావచ్చు. తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వెళ్లిన పిల్లల్లో ఈ చివరి కారణం నేను చాలాసార్లు చూశాను. వాళ్లు ఫిజిక్స్ రాదనుకుంటారు, నిజానికి వాళ్లకు రానిది ఫిజిక్స్ చెప్పే భాష.

కారణం హాస్టల్ అయితే కోర్సు మారడం మందు కాదు. కారణం భాష అయితే కొత్త కోర్సులోనూ అదే ఎదురవుతుంది. కాబట్టి పిల్లలతో మాట్లాడేటప్పుడు "ఎందుకు మానేస్తావు?" అని ఒక్కసారి అడిగి ఊరుకోకండి. "రోజు మొత్తంలో ఏ గంట భరించలేకుండా ఉంటుంది?" అని అడగండి. "ఏ గంట త్వరగా గడిచిపోతుంది?" అని కూడా అడగండి. ఈ రెండు జవాబులు పక్కపక్కన పెడితే సగం సంగతి తెలుస్తుంది.

"దేని వైపు వెళ్తావు?" అన్నదానికి జవాబు లేకపోతే, అది తప్పు కాదు. కానీ అది ఇంకా నిర్ణయం కాదు, అలసట. అలసటకు ముందు విశ్రాంతి కావాలి.

ఒక మాట మాత్రం సూటిగా చెప్పాలి. బిడ్డ తిండి మానేసినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నా, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాట ఒక్కటి అన్నా, కెరీర్ లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఆ రోజే ఇంటికి తీసుకురండి, పక్కన ఉండండి, డాక్టర్‌కు చూపించండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416. ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఏ సీటూ బిడ్డకన్నా ఎక్కువ కాదు.

మూడో మెట్టు: ఏమేమి వెంట తెచ్చుకుంటాం?

ఇక్కడ మన తెలుగువాడి కథ ఒకటి చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరు సైన్సు పుస్తకంలో చూసే ఉంటారు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. సన్యాసం తీసుకుని రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖద్దరు కట్టినందుకు ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, చివరకు పూర్తి ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పారు.

ఆ తర్వాత అమెరికాలోని బోస్టన్ వెళ్లి మళ్లీ విద్యార్థి అయ్యారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేశారు. ఉష్ణమండల వ్యాధుల చదువు పూర్తిచేసి, అక్కడి నుంచి బయోకెమిస్ట్రీలోకి మారారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రచురించారు. కండరాలకు శక్తి ఎలా అందుతుందన్న పరిశోధనలో ఏటీపీ దాకా వెళ్లారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి రాలేదు. 1940లో, 45 ఏళ్ల వయసులో, యూనివర్సిటీ వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ చికిత్సలో ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్, 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, ఇవన్నీ అక్కడ ఆయన నడిపించిన బృందాల పనులే.

ఈ కథను "చూశారా, ఫెయిలైనా గొప్పవాడయ్యాడు" అని చెప్పడం సులువు. నేను పిల్లలకు అలా చెప్పను. గెలిచినవాళ్ల కథలే మనదాకా వస్తాయి, మారి నష్టపోయినవాళ్ల గురించి ఎవరూ పాఠం రాయరు. నేను చూడమనేది వేరే. ఆయన ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టారు, కానీ ఒక్కసారీ సున్నా నుంచి మొదలుపెట్టలేదు. వైద్యం చదువు లేకపోతే ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు లేదు. వైద్యం తెలిసినందువల్ల బయోకెమిస్ట్రీలో ఏ ప్రశ్న అడగాలో తెలిసింది. బయోకెమిస్ట్రీ చేతిలో ఉన్నందువల్ల మందుల కంపెనీ పిలిచింది. ప్రతి మలుపులోనూ పాత సంచీ భుజాన్నే ఉంది.

మీ ఇంట్లోనూ ఈ సంచీ విప్పి చూడండి. బీటెక్ ఏడాది చదివినవాడికి లెక్కలొచ్చు, కొంత ప్రోగ్రామింగ్ వచ్చు, ఒంటరిగా ఊళ్లో బతకడం వచ్చు. నా సంగతే చూడండి. ఆఫీసులో నేర్చుకున్న పనుల్లో ఒకటి, సిస్టమ్ ఎక్కడ తప్పుతోందో ఒక్కో మెట్టుగా వెతకడం. ఇప్పుడు పదో తరగతి పిల్లవాడి లెక్కలో తప్పు వెతికేటప్పుడు అదే చేస్తాను. నాన్నకు ఈ సంగతి చెప్పాను. "సున్నం రాలేదు గాని, గోడ ఉందన్నమాట" అన్నారు.

నాలుగో మెట్టు: ఏ తలుపు ఎంతకాలం తెరిచి ఉంటుంది?

మనసు ఒక్కటే చాలదు, నిబంధనలు కూడా చూడాలి. కొన్ని తలుపులు త్వరగా మూసుకుంటాయి, కొన్ని ఎప్పటికీ తెరిచే ఉంటాయి.

త్వరగా మూసుకునేవి: జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. జేఈఈ మెయిన్‌కు ఇంటర్ పాసైన ఏడాది నుంచి వరుసగా మూడేళ్లు అవకాశం. ఎన్‌డీఏ లాంటి రక్షణ పరీక్షలకు వయసు పరిమితి చాలా గట్టిది, పందొమ్మిదిన్నర ఏళ్లు దాటితే ఆ తలుపు మూసుకున్నట్టే.

తెరిచి ఉండేవి: నీట్‌కు 2022 నుంచి గరిష్ఠ వయసు పరిమితి లేదు. 12వ తరగతిలో బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్లు కూడా నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబర్‌లో ప్రకటించింది. అంటే ఎంపీసీ చదివినంత మాత్రాన డాక్టర్ దారి శాశ్వతంగా మూసుకోలేదు. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు, జనరల్ వర్గానికి 32 ఏళ్ల వరకు ఆరుసార్లు రాయొచ్చు, రిజర్వేషన్ వర్గాలకు ఇంకా సడలింపు ఉంది.

పక్క తలుపులు: పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిగ్రీ ఉన్నవాళ్లకు ఐసెట్ ద్వారా ఎంబీఏ, ఎంసీఏ ఉన్నాయి. లాసెట్ ద్వారా మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఉంది. బీటెక్ చేసినవాళ్లు ఎడ్‌సెట్ ద్వారా బీఈడీకి రావొచ్చు, నేను వచ్చిన తలుపు అదే. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు ఓపెన్ స్కూల్, ఇగ్నో లాంటివి ఉన్నాయి. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది అధికారిక నోటిఫికేషన్ స్వయంగా చదవండి. కోచింగ్ సెంటర్ కరపత్రం చదివి నిర్ణయించకండి.

ఈ పట్టిక చూసుకుంటే ఒక భయం తగ్గుతుంది. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు" అనేది కొన్ని పరీక్షల విషయంలోనే నిజం. మిగతావాటికి ఆరు నెలలు ఆగి ఆలోచించే సమయం ఉంది.

దూకే ముందు తడిచి చూడడం

మన భీమిలి పిల్లలకు సముద్రం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు కాలు తడుపుతారు, తర్వాత మోకాలి లోతు, ఆ తర్వాతే అల. నేను మాత్రం నేరుగా దూకాను. ఖాళీగా ఉన్న ఆ నెలల్లో పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం ఐదుగురు పిల్లలు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఉద్యోగం మానకముందే శని, ఆదివారాలు ఆ పని చేసి ఉంటే, అదే నమ్మకం జీతం పోగొట్టుకోకుండా కుదిరేది.

కాబట్టి మీ పిల్లలకు ఒక చిన్న పరీక్ష పెట్టండి. డిజైన్ చదువుతానంటే రెండు నెలలు వారానికి ఆరు గంటలు డిజైన్ నేర్చుకోమనండి. హోటల్ మేనేజ్‌మెంట్ అంటే సెలవుల్లో తెలిసినవాళ్ల వంటగదిలో పని చూడమనండి. లా అంటే ఒక లాయర్‌గారి ఆఫీసులో పది రోజులు కూర్చోమనండి. సరదా తగ్గాక కూడా ఇష్టం మిగిలితే అది ఇష్టమే. ఈ లోపు ప్రస్తుత చదువు ఆపొద్దు.

రెండోది గడువు. "ఈ తేదీలోగా ఇది జరగకపోతే ఆ దారికి వెళ్తాం" అని ముందే రాసుకోండి. లాంగ్ టర్మ్ రెండోసారి, మూడోసారి అంటూ సాగదీయడానికి అసలు కారణం గడువు లేకపోవడమే.

పెద్దవాళ్లకూ ఇదే పాఠం

ఇది చదివే మీలో కొందరు ఇప్పుడు పిల్లల గురించి కాక మీ గురించే ఆలోచిస్తూ ఉండొచ్చు. మన చుట్టుపక్కల మళ్లీ మొదలుపెట్టిన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడ్డాక ఎన్నో కుటుంబాలు నడివయసులో కొత్త పని వెతుక్కున్నాయి. వాళ్లకు మారాలా వద్దా అనే ప్రశ్నే లేదు, పరిస్థితే మార్చింది. ఈ ఊరే చూడండి. డచ్చివాళ్లు వర్తకం చేసిన రేవు ఇది. 1861లోనే మున్సిపాలిటీ అయ్యింది. 1933లో విశాఖ హార్బర్ తెరుచుకున్నాక ఓడల వ్యాపారం అటు తిరిగింది. భీమిలి మాత్రం వేరే పనులతో నిలబడింది, ఈరోజు మన పిల్లలు ఇక్కడే చదువుతున్నారు.

శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతానికి చెందిన రోణంకి గోపాలకృష్ణగారు ఏళ్ల తరబడి ప్రభుత్వ పాఠశాలలో టీచర్. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. స్టాఫ్ రూమ్‌లో మేం ఆయన పేరు తలుచుకునేది ర్యాంకు కోసం మాత్రమే కాదు. పాఠం చెబుతూ గడిపిన ఏళ్లు ఎక్కడికీ పోవని.

ఈ నెల ఇంటిపని

ఒక ఆదివారం టీవీ, ఫోన్లు ఆపి అందరూ కూర్చోండి. పిల్లలు ఒక కాగితం మీద, మీరు ఒక కాగితం మీద ఈ ఐదింటికి జవాబు రాయండి. ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయండి.

1. ఇప్పటివరకు అయిన ఖర్చును పక్కన పెడితే, ఈరోజు కొత్తగా ఎంచుకోవాల్సి వస్తే ఇదే దారిని ఎంచుకుంటామా?

2. వద్దనుకుంటున్నది సబ్జెక్టా, కాలేజీనా, చోటా, మనుషులా?

3. ఇప్పటిదాకా నేర్చుకున్నవాటిలో కొత్త దారిలోకి తీసుకెళ్లగలిగేవి మూడు ఏమిటి?

4. ఏ తలుపు ఏ తేదీకి మూసుకుంటుంది? కొత్త దారికి మొత్తం ఎంత డబ్బు, ఎంత కాలం? ఆ కాలమంతా ఇల్లు ఎలా నడుస్తుంది?

5. వచ్చే రెండు నెలల్లో దాన్ని చిన్నగా పరీక్షించేదెలా?

తర్వాత కాగితాలు మార్చుకుని చదవండి. చదివేటప్పుడు మధ్యలో మాట్లాడకండి. ముఖ్యంగా "పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు" అనకండి. ఆ సామెత మంచిదే, కానీ పిల్లలు చెప్పేది పూర్తయ్యాక.

జవాబు "ఉంటాను" అని రావచ్చు, "మారతాను" అని రావచ్చు. కాగితం మీద లెక్క చూసి ఉన్నవాడు రేపు మిమ్మల్ని నిందించడు. లెక్క చూసి మారినవాడు మొదటి కష్టానికే వెనక్కి తిరగడు.

ఆ అమ్మగారూ వాళ్లబ్బాయీ ఈ ఐదు ప్రశ్నల కాగితంతో వచ్చే శనివారం స్కూల్‌కు వస్తామన్నారు. ఏం రాశారో నాకింకా తెలియదు. మీరూ రాసుకుని రండి. మాట్లాడుకుందాం.